రైలు సంగతి చెప్పడమూ రైలు నడపడమే



సూరత్ నగరానికి నైరుతి దిక్కున, ఇరవై కిలోమీటర్ల దూరంలో డుమస్ అనే ఊరుంది. నల్ల ఇసుక, అరేబియా సముద్రం, ఒడ్డున వేడివేడిగా టమాటా భజియాలు వేసే దుకాణాలు. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలకు సెలవు రోజు షికారంటే చాలావరకు అదే. వాళ్ళలో ఎక్కువమంది నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలీలు. సొంత రాష్ట్రానికి సముద్రం లేదు. అందుకే ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తామామలో వస్తే సముద్రం చూపించడానికి తీసుకెళ్ళేది డుమస్‌కే.

వరంగల్‌లో బండెక్కిన పెద్దాయన డుమస్ ఒడ్డుకు చేరాలంటే దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. రైలు సూరత్ వరకే. డుమస్‌కు రైలు లేదు, అక్కడినుంచి బస్సో, ఆటోనో. ఈ దారి పొడవునా ఆయన అడిగేవి నాలుగే ప్రశ్నలు. బండి ఎక్కడిదాకా వచ్చింది? ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది? మన బోగీ ఎక్కడ ఆగుతుంది? దిగాక బస్సు ఎక్కడ దొరుకుతుంది? రైలు వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లని ఆయన ఎన్నడూ అడగడు. మన రైళ్ళ గురించి జరిగే చర్చలన్నీ మాత్రం వేగం చుట్టూనే తిరుగుతాయి. ఆ నాలుగు ప్రశ్నల గురించే ఈరోజు నా ప్రసంగం.

సూరత్ మీదుగా పోయే బళ్ళు చూడండి. గాంధీనగర్–ముంబై వందే భారత్ 2022 సెప్టెంబరు 30న మొదలైంది. అది సూరత్‌లో ఆగుతుంది. ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మార్గం 508 కిలోమీటర్లు. అందులో ముందుగా సూరత్–బిలిమోరా ముక్క మీద బండి నడపాలని లక్ష్యం పెట్టుకున్నారు. సంతోషమే. కానీ ఈ పట్టాల మీద రోజూ నలిగేది వేరే జనం. భరూచ్, అంకలేశ్వర్ నుంచీ, నవ్‌సారి, వల్సాడ్ నుంచీ పొద్దున సూరత్ వచ్చి సాయంత్రం ఇంటికి పోయేవాళ్ళు. వాళ్ళ బతుకునే గుజరాత్‌లో "అప్‌డౌన్ చేయడం" అంటారు. చిన్న దూరాల మెమూ బండి, నెలవారీ పాసు, నిలబడడానికింత చోటు, ఇవే వాళ్ళ రైల్వే. వీళ్ళు కాక ఏడాదికి రెండు మూడుసార్లు, దసరాకో, సంక్రాంతికో, ఎండాకాలం పెళ్ళిళ్ళకో, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ వైపు పోయే మన నేతపనివాళ్ళు.

చిన్న దూరాల బండిని ఎంత తేలిగ్గా తీసుకుంటామో కోవిడ్ తరవాత చూశాం. ప్యాసింజరు బళ్ళ నంబరులో మొదటి అంకెను సున్నాగా మార్చి "స్పెషల్" అన్నారు. పది రూపాయల కనీస టికెట్ ముప్పై అయింది. అవే పట్టాలు, అవే బోగీలు, ఆగే స్టేషన్లూ చాలావరకు అవే. మళ్ళీ పది రూపాయలకు దిగివచ్చింది 2024 ఫిబ్రవరిలో. నడుమ ఆ కాలమంతా "నా బండి ప్యాసింజరా, ఎక్స్‌ప్రెస్సా?" అనే ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్ళు తక్కువ. బండి నడిచింది, దాన్ని గురించిన మాట తికమకపడింది.

ఈ తికమక కొత్తది కాదు. రైలు పుట్టిన కొద్దికాలానికే దాని వేళలు చెప్పడం ఒక పెద్ద పనైంది. ఇంగ్లండులో జార్జ్ బ్రాడ్‌షా 1839లో రైలు వేళల పుస్తకం అచ్చువేశాడు. పదుల కొద్దీ కంపెనీలు, ఒక్కోదానికి ఒక్కో వేళ. అన్నీ ఒకచోట దొరికేది ఆ పుస్తకంలోనే. మన దేశంలోనూ "ఇండియన్ బ్రాడ్‌షా" పేరుతో అలాంటిదే వచ్చింది. సూరత్ ప్రాంతానికి రైలు వచ్చింది 1860లో. బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా కంపెనీ అంకలేశ్వర్ నుంచి తాపీ నది అవతలి గట్టున ఉన్న ఉత్రాణ్ దాకా 29 మైళ్ళ లైను వేసింది. ఆ తరవాత తాపీ లోయ వెంట బార్డోలి, వ్యారా, నవాపూర్, నందుర్బార్ మీదుగా జల్‌గావ్ వైపు ఇంకో లైను వచ్చింది. మన తెలుగువాళ్ళను వరంగల్ నుంచి సూరత్‌కు తెచ్చేది ఈ తాపీ లోయ లైనే.

ఇప్పుడు బండి ఎక్కడుందో మనకు ఎలా తెలుస్తుందో చూద్దాం. స్టేషన్ దాటిన ప్రతి బండి వేళనూ స్టేషన్ మాస్టరు కంట్రోల్ ఆఫీసుకు చెబుతాడు. అక్కడి కంట్రోలర్ ఏ బండిని ముందు పంపాలో, ఏ బండిని లూప్ లైనులో ఆపాలో నిర్ణయిస్తాడు. సూరత్ పశ్చిమ రైల్వే ముంబై డివిజన్‌లో ఉంది కాబట్టి ఆ నిర్ణయం జరిగేది ముంబైలో. ఆ సమాచారమే కంప్యూటర్ల ద్వారా జాతీయ రైలు విచారణ వ్యవస్థకు, అంటే ఎన్‌టీఈఎస్‌కు వస్తుంది. రైల్వే విచారణ నంబరు 139కి ఫోన్ చేసినా, ప్లాట్‌ఫారం మీద బోర్డు చూసినా వేళల మూలం అదే. ఇప్పుడు చాలా ఇంజన్లకు ఒక పరికరం బిగిస్తున్నారు. ఇస్రో సాయంతో, గగన్ అనే ఉపగ్రహ వ్యవస్థను ఆధారం చేసుకొని, అది 30 సెకన్లకు ఒకసారి బండి జాడ పంపుతుంది. ఇవికాక బెంగళూరు కంపెనీ ఒకటి తయారుచేసిన "వేర్ ఈజ్ మై ట్రైన్" యాప్ ఉంది. బండిలో కూర్చున్నవాళ్ళ ఫోనుకు దగ్గరి సెల్ టవర్లను బట్టి, ఇంటర్నెట్ లేకున్నా బండి ఎక్కడుందో చెప్పడం దాని గొప్ప. 2018లో ఆ కంపెనీని గూగుల్ కొనేసింది.

ఇన్ని ఉన్నాక ఇంకేం లోటు అని మీరు అడగవచ్చు. బండి ఇప్పుడు ఎక్కడుందో తెలుస్తోంది, నిజమే. కానీ ప్రయాణికుడికి కావలసింది తాను ఇప్పుడేం చేయాలన్నది. ఈ రెంటి మధ్య దూరం చాలా ఉంది.

మొదటిది, ఆలస్యం లెక్క. టైంటేబుల్ తయారుచేసేటప్పుడు బండి చివరి స్టేషన్‌కు కొద్దిగా ముందు కొంత అదనపు సమయం కలుపుతారు. దారిలో పోయిన వేళను అక్కడ సర్దుకుంటారు. చెన్నైలో ఎక్కి అహ్మదాబాద్ దాకా పోయేవాడికి బండి సరైన వేళకే చేరినట్టు కనిపిస్తుంది. మధ్యలో సూరత్‌లో దిగేవాడి మీద, ఎక్కేవాడి మీద ఆలస్యమంతా పడుతుంది. చివరి స్టేషన్ వేళ చూసి "బళ్ళు బాగానే నడుస్తున్నాయి" అంటే, నడిమి ఊళ్ళ జనం బాధ ఆ లెక్కలోకే రాదు. సూరత్, భుసావల్, వరంగల్ అన్నీ మన బండికి నడిమి ఊళ్ళే.

రెండోది, తేదీ. అర్ధరాత్రి దాటాక 12 గంటల 20 నిమిషాలకు వచ్చే బండికి శనివారం టికెట్ ఉంటే, శుక్రవారం రాత్రే స్టేషన్‌లో ఉండాలి. శనివారం రాత్రి వెళ్ళి, బండి నిన్ననే పోయిందని తెలుసుకొని, పిల్లాపాపలతో వెనక్కి వచ్చేవాళ్ళు ప్రతి పండక్కీ ఉంటారు. టికెట్ మీద తేదీ సరిగ్గానే ఉంటుంది. అయితే "శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం" అని మనం మాట్లాడుకునే పద్ధతిలో ఉండదు. బండి ఎక్కడుందో చూపే కొన్ని యాప్‌లలోనూ ఇలాంటి చిక్కే. అవి అడిగేది బండి మొదటి స్టేషన్‌లో బయలుదేరిన తేదీని, మీరు ఎక్కే తేదీని కాదు. రెండోరోజు మన ఊరికి వచ్చే బండికి ముందురోజు తేదీ నొక్కాలి. చదువుకున్నవాళ్ళే అక్కడ తడబడతారు.

మూడోది, ఏ స్టేషన్ అన్నది. సూరత్ స్టేషన్ పునర్నిర్మాణం కోసం 2024లోనూ, 2025 మొదట్లోనూ కొన్ని ప్లాట్‌ఫారాలు మూసేశారు. ఎన్నో బళ్ళ ఆగే చోటు తాత్కాలికంగా ఉధనాకు మారింది. ఉధనా నాలుగైదు కిలోమీటర్ల దూరమే. నిజానికి లింబాయత్, డిండోలి వైపు ఉండే తెలుగువాళ్ళకు అదే దగ్గర. అయినా, టికెట్ మీద సూరత్ అని చూసి సూరత్‌కే వెళ్ళినవాడికి, మూటాముల్లె దించాక "మీ బండి ఇక్కడ ఆగదు, ఉధనా పోండి" అని తెలిస్తే ఆ నాలుగు కిలోమీటర్లు కొండంత దూరం. మార్పు ముందే ప్రకటించారు, పత్రికల్లో వచ్చింది, ఫోన్లకు సందేశాలూ పోతాయి. కానీ టికెట్ కొన్న ఫోన్ ఎవరిది? మన కార్మికులలో చాలామందికి టికెట్ తీసిపెట్టేది పక్కింటి కుర్రాడో, వీధి చివరి ఏజెంటో. సందేశం వాళ్ళ ఫోనుకు పోతుంది. ప్రయాణం చేసేవాడికి అందదు.

మరమగ్గం పనిలో షిఫ్టంటే పన్నెండు గంటలు. బండి తప్పితే పోయేది టికెట్ డబ్బు ఒక్కటే కాదు. ఒక రోజు కూలి, మళ్ళీ వెయిటింగు లిస్టు, ఊళ్ళో ఎదురుచూసే శుభకార్యం, అన్నీ పోతాయి. ఇక రద్దీ మాట వస్తే, తెలియకపోవడం ప్రాణానికే ముప్పు. 2023 నవంబరు 11న, దీపావళి ముందు, బీహార్ వైపు పోయే బండి కోసం సూరత్ స్టేషన్‌లో జరిగిన తొక్కిసలాటలో ఒక ప్రయాణికుడు చనిపోయాడు. రద్దీకి మూలం బళ్ళు చాలకపోవడం. అది మాటలతో తీరేది కాదు. కానీ జనరల్ బోగీ ఏ చివర ఆగుతుందో, వరస ఎక్కడ కట్టాలో, దీని తరవాత ఇంకో బండి ఉందో లేదో ముందే గట్టిగా, పదేపదే చెబితే జనం పరుగు కొంతైనా తగ్గుతుంది.

గట్టిగా చెప్పడం సరే, ఏ భాషలో? తాపీ లోయ లైను మీద నవాపూర్ అనే స్టేషన్ ఉంది. సగం గుజరాత్‌లో, సగం మహారాష్ట్రలో. రాష్ట్రాలు విడిపోకముందు రెండు వైపులూ బొంబాయి రాష్ట్రమే. 1960 మే 1న రాష్ట్రం రెండయితే సరిహద్దు గీత ప్లాట్‌ఫారం మీదుగా పోయింది. ఒకే బల్ల మీద ఇద్దరు కూర్చుంటే ఒకరు గుజరాత్‌లో, ఇంకొకరు మహారాష్ట్రలో. అక్కడ ప్రకటనలు హిందీ, ఇంగ్లీషు, గుజరాతీ, మరాఠీ నాలుగు భాషల్లోనూ వినిపిస్తాయి. ఎక్కే జనం ఎవరో చూసి భాష నిర్ణయించడం అంటే అదీ.

సూరత్‌లో ఎక్కే జనం ఎవరు? ఈ నగర మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ బడులు నడుపుతోంది. పిల్లలకు తెలుగులో పాఠం చెప్పవలసినంత మంది తెలుగువాళ్ళు ఉన్నారని ఊరు ఒప్పుకున్నట్టే కదా. అలాంటప్పుడు వరంగల్, విజయవాడ వైపు పోయే బండి వచ్చే పావుగంట ముందు తెలుగులో రెండు వాక్యాలు, పూరీ వైపు పోయే బండికి ఒడియాలో రెండు వాక్యాలు వినిపించడం పెద్ద కోరిక కాదు. 2025 కుంభమేళాకు ప్రయాగ్‌రాజ్ స్టేషన్లలో తెలుగుతో సహా పన్నెండు భాషల్లో ప్రకటనలు చేశారు. మేళాకు చేయగలిగింది దసరా రద్దీకి చేయలేమా? ఇంకో మాట. 139 సేవను పన్నెండు భాషల్లో అందుబాటులోకి తెచ్చామని రైల్వే 2021లోనే ప్రకటించింది. స్మార్ట్‌ఫోన్ లేకున్నా ఏ ఫోన్ నుంచైనా చేయవచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళకు చెప్పండి.

ఇక కాసేపు బ్రిటన్ వెళదాం. రైలు పుట్టిన దేశం కదా. 1963లో డాక్టర్ బీచింగ్ అనే పెద్దమనిషి ఒక నివేదిక ఇచ్చాడు. రెండు వేలకు పైగా స్టేషన్లూ, దాదాపు 5,000 మైళ్ళ లైనూ మూసేయమన్నాడు. లాభం రాని చిన్న ఊళ్ళ బళ్ళు ఎన్నో ఆ దెబ్బకు పోయాయి. కొమ్మ లైన్లు పోతే వాటి నుంచి పెద్ద లైనుకు వచ్చే జనం కూడా పోతారని తరవాత తెలిసొచ్చింది. 1990ల్లో రైళ్ళను ప్రైవేటు కంపెనీలకు ఇచ్చారు. 2018 మే నెలలో ఒకేసారి భారీగా వేళలు మార్చారు. కొత్త వేళలు ఆలస్యంగా ఖరారయ్యాయి, డ్రైవర్లకు కొత్త దారుల్లో తర్ఫీదు పూర్తి కాలేదు. ఉత్తర ఇంగ్లండులోనూ, లండన్ చుట్టుపక్కలా రోజుకు వందల బళ్ళు రద్దయ్యాయి. సరస్సుల ప్రాంతంలోని విండర్‌మియర్ చిన్న లైను మీద రెండు వారాలు అసలు బండే నడవలేదు, బస్సులు వేశారు. విచారణ జరిపిన నియంత్రణ సంస్థ, ఆ మార్పు మొత్తానికి బాధ్యుడంటూ ఎవరూ ముందుకు రాలేదనీ, ప్రయాణికులకు సరైన సమాచారం అందలేదనీ తేల్చింది. ఇప్పుడు ఆ కంపెనీలను ఒకటొకటిగా ప్రభుత్వం వెనక్కి తీసుకుంటోంది. కొత్త చట్టం కింద 2025 మేలో సౌత్ వెస్టర్న్ రైల్వేతో ఆ పని మొదలైంది.

వాళ్ళ కష్టాలు వాళ్ళవి. మనం తెచ్చుకోదగ్గది ఒకటుంది. అక్కడ చాలా బళ్ళలో పావుగంట ఆలస్యమైతే చాలు, టికెట్ డబ్బులో కొంత వెనక్కి ఇస్తారు. ఆలస్యం పెరిగేకొద్దీ వాటా పెరుగుతుంది. మన దగ్గర బండి మూడు గంటలు దాటి ఆలస్యమై, మనం ప్రయాణం మానుకుంటేనే పూర్తి డబ్బు వస్తుంది. ఎక్కి కూర్చుంటే రాదు. సూరత్ మీదుగా పోయే అహ్మదాబాద్–ముంబై తేజస్‌లో మాత్రం, గంట దాటితే వంద రూపాయలు, రెండు గంటలు దాటితే 250 ఇచ్చే పద్ధతి పెట్టారు. 2024లో దాన్నీ ఆపేశారు. పది రూపాయల మెమూ టికెట్‌కు పరిహారం ఇమ్మని నేను అడగను. ఆలస్యానికి ఖరీదు కట్టినప్పుడు ఆలస్యాన్ని నిజాయితీగా లెక్కపెడతారు, లెక్కపెట్టినదాన్ని దాచకుండా చెబుతారు. నా ఆశ దానిమీద.

వేళల కూర్పులో చూడవలసిన దేశం స్విట్జర్లాండ్. 1982 నుంచి అక్కడ బళ్ళు గంట గంటకూ అదే నిమిషానికి బయలుదేరతాయి. 7 గంటల 10 నిమిషాలకు ఒకటుంటే 8:10కి, 9:10కి కూడా ఉంటుంది. జనం పుస్తకం చూడనక్కర్లేదు, ఆ "పది" గుర్తుంటే చాలు. పైగా రైలు వచ్చే వేళకు స్టేషన్ బయట బస్సు సిద్ధంగా ఉండేలా వేళలు కలిపి రాస్తారు. వీలైనంత వేగం కాదు, కలవడానికి ఎంత వేగం కావాలో అంత చాలు, ఇదీ వాళ్ళ పద్ధతి. గూడ్సు బళ్ళూ, రాజధాని ఎక్స్‌ప్రెస్‌లూ ఒకే పట్టా మీద పరుగెత్తే ముంబై–సూరత్ లైనులో పూర్తిగా అలా కుదరదు. పొద్దునా సాయంత్రం అప్‌డౌన్ వేళల్లో మెమూలకైనా ఆ క్రమం పెట్టవచ్చు.

మళ్ళీ మన పెద్దాయన దగ్గరికి వద్దాం. నాలుగో ప్రశ్న మిగిలింది, బస్సు ఎక్కడ? సూరత్‌లో సిటీలింక్ బస్సులున్నాయి. వాటికి వేరే యాప్. మెట్రో కడుతున్నారు. ఒక మార్గం డుమస్ వైపు ఉన్న డ్రీమ్ సిటీ దాకా పోతుంది. దానికీ రేపు ఇంకో యాప్ రావచ్చు. స్టేషన్ లోపలి బోర్డుకు రైలు సంగతే తెలుసు, స్టేషన్ గేటు దాటితే అది మూగది. రైలు దిగే చోట ఒక బోర్డు పెట్టి, డుమస్‌కు, విమానాశ్రయానికి, లింబాయత్‌కు తరవాతి బస్సు ఎన్నింటికో, ఏ వైపు గేటు దగ్గరో రాస్తే ప్రయాణం అతుకుపడుతుంది. అవతలి కొసనూ ఇదే అవసరం. నేతకు పేరుపడ్డ సిరిసిల్లకు ఇంకా రైలు లేదు. ఆ వైపు వేస్తున్న మనోహరాబాద్–కొత్తపల్లి లైను మీద 2023 అక్టోబరులో సిద్దిపేటకు బండి వచ్చింది. సిరిసిల్లకు వచ్చేదాకా, సూరత్ నుంచి వెళ్ళిన నేతన్న దిగే స్టేషన్‌లో ఆర్టీసీ బస్సు వేళల కాగితం ఒకటి అంటించడానికి కోట్లు అక్కర్లేదు.

రైల్వే చేయవలసినవి చెప్పాను. మనం చేసుకోగలిగినవీ ఉన్నాయి. ఒకటి, బండి నంబరు చదవడం. 2010 డిసెంబరు నుంచి బళ్ళకు ఐదంకెల నంబర్లు. 1, 2తో మొదలైతే దూరపు బండి, 5 అయితే ప్యాసింజరు, 6 అయితే మెమూ, సున్నా అయితే స్పెషల్. స్పెషల్ అయితే వేళలూ, ఆగే చోట్లూ మళ్ళీ ఒకసారి చూసుకోండి. రెండు, టికెట్ ఎవరు తీసినా దానికి మీ ఫోన్ నంబరు ఇమ్మనండి. మార్పు సందేశం మీకే వస్తుంది. మూడు, రాత్రి పన్నెండు దాటిన బండి అయితే ఇంట్లో క్యాలెండర్ మీద ముందురోజు రాత్రినే గుర్తు పెట్టుకోండి. నాలుగు, సూరత్‌లోని తెలుగు సంఘాలు పండగల ముందు ఒక కాగితం అచ్చువేయాలి. మన ఊళ్ళవైపు బళ్ళు ఏవి, ఏ రోజుల్లో, సూరత్‌లోనా ఉధనాలోనా, అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో. మగ్గాల కార్ఖానాలో, బడిలో, కిరాణా కొట్టు గోడ మీద అంటించాలి. యాప్ చూడడం రాని అవ్వ కూడా దాన్ని చదివించుకోగలదు. తెలుగులో ప్రకటనలు కావాలనే కోరికను రైల్వే వినియోగదారుల సలహా సంఘాల ముందుకు తీసుకెళ్ళడం కూడా మన తెలుగు సంఘాల పనే.

పట్టా వేయాలంటే ఏళ్ళు పడుతుంది, బోగీలు పెంచాలంటే బడ్జెట్ కావాలి. ఉన్న బండి గురించి నిజం, వేళకు, వినేవాడి భాషలో చెప్పడానికి ఆ రెండూ అక్కర్లేదు. కాబట్టి చెప్పకపోవడానికి సాకూ లేదు. బండి నలభై నిమిషాలు ఆలస్యమని తెలిస్తే మనిషి కోపగించుకుంటాడు, తరవాత టీ తాగి వస్తాడు. ఎంత ఆలస్యమో తెలియకపోతే ప్లాట్‌ఫారం వదిలి కదలలేడు. ఆ నలభై నిమిషాలు అతనివి. వాటిని అతనికి తిరిగి ఇవ్వగలిగింది ఒక్క ప్రకటనే. రేపటి నుంచి రైల్వేను వేగం ఎంతని అడిగే ముందు, ఆ ప్రకటన అడుగుదాం.